కారణం తెలియని బరువు

యంత్రాలను గురించి ముచ్చటించుకునే ఈ శీర్షికలో ఈ పర్యాయం మానవదేహాన్ని గురించి వ్రాయడానికి పాఠకుల ఉత్తరాలే కారణం. గత ఆరు నెలల్లో నాకు అందిన ప్రశ్నలలో కనీసం ఐదు ఒకే పోలికతో ఉన్నాయి. పదహారు నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య వయసున్న అమ్మాయి. ఏడాది రెండేళ్ళలో పది పన్నెండు కిలోల బరువు పెరిగింది. నెలసరి రెండు మూడు నెలలకొకసారి గాని రావడం లేదు. స్కానింగులో "అండాశయాలలో నీటిబుడగలు" ఉన్నాయన్నారు. బరువు తగ్గమని చెప్పి పంపించారు. తిండి తగ్గించినా బరువు తగ్గలేదు. "అన్నయ్యగారూ, మీ ప్లాంటులో ఏ యంత్రం మొరాయించినా కారణం కనిపెట్టే దాకా వదలరు గదా! మా అమ్మాయి విషయంలో కారణమేమిటో ఎవరూ చెప్పడం లేదు" అని ఒక సోదరి వ్రాశారు.

నేను వైద్యుణ్ణి కాను. ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో కంట్రోలు వాల్వులతో కాలం గడుపుతున్నవాణ్ణి. మందు నిర్ణయించడం మన ఆసుపత్రి వైద్యాధికారుల పని. అయితే వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ఏ ప్రశ్న అడగాలో తెలియడం రోగికీ, రోగి కుటుంబానికీ అవసరం. ఆ మేరకు ఈ వ్యాసం ఉపయోగపడితే చాలు.

ముందుగా పేరు సంగతి. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అనగా పీసీఓఎస్. మన ఇళ్ళలో ఎక్కువగా పీసీఓడీ అంటారు. 1935లో షికాగో నగరంలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీల వివరాలను ప్రకటించారు. నెలసరి రాకపోవడం, అండాశయాలు పెరిగి వాటినిండా చిన్న చిన్న బుడగలు ఉండడం వారు గమనించారు. కంటికి కనిపించినది అండాశయం గనుక పేరు కూడా దానికే అంటుకున్నది. నిజానికి ఆ బుడగలు వ్యాధి గడ్డలు కావు. ప్రతి నెలా కొన్ని అండపుటికలు పెరగనారంభించి, వాటిలో ఒకటి పక్వమై అండాన్ని విడుదల చేయడం ప్రకృతి ధర్మం. ఈ స్థితిలో అవి రెండు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర ఎదుగుదల నిలిపివేస్తాయి. ఆగిపోయిన ఆ పుటికలే స్కానింగులో ముత్యాల పేరువలె కనిపిస్తాయి. వాటిని కోసి తీసివేయవలసిన పని లేదు. అవి పగిలి ప్రమాదం తెస్తాయని భయపడవలసిన పని అంతకన్నా లేదు.

మా ప్లాంటులో ఒక పంపు మీద ఏనాడో కొట్టిన పేరుపలక ఇంకా అలాగే ఉన్నది. దాని పని మారి ఇరవై ఏళ్ళయింది. కొత్తగా చేరిన ప్రతి ట్రెయినీ ఆ పలక చదివి, సంబంధం లేని లైను వెంట నడిచిపోతాడు. ఈ వ్యాధి పేరు కూడా అటువంటిదే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2012లో ఏర్పాటు చేసిన స్వతంత్ర నిపుణుల సంఘం సైతం, ఈ పేరు దృష్టిని తప్పుదోవ పట్టిస్తున్నది గనుక మార్చడం మేలని సిఫారసు చేసింది. పేరు మాట అటుంచి, లోపల జరిగేదేమిటో చూద్దాం.

ఒకే కంట్రోలరు నుంచి వెలువడే సంకేతం రెండు వాల్వులకు పోతున్నదనుకోండి. మొదటి వాల్వు కాండం బిగుసుకుపోయింది; మామూలు సంకేతానికి తెరచుకోదు. కావలసినంత ప్రవాహం అందడం లేదు గనుక కంట్రోలరు తన సంకేతాన్ని పెంచుతుంది. పెంచగా పెంచగా ఆ వాల్వు ఎలాగో తెరచుకుంటుంది. కాని రెండవ వాల్వులో ఏ లోపమూ లేదు. హెచ్చిన సంకేతానికి అది అవసరానికి మించి బార్లా తెరచుకుంటుంది. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ప్యానెలు ఎదుట కూర్చున్న ఆపరేటరు మొదటి లైనులోని ప్రవాహాన్ని మాత్రమే చూస్తూ ఉంటే, అంతా సవ్యంగానే ఉన్నట్లు తోస్తుంది. కంట్రోలరు ఎంత కష్టపడి ఆ ప్రవాహాన్ని నిలబెడుతున్నదో అతనికి తెలియదు.

పీసీఓఎస్ గల స్త్రీలలో చాలామందికి జరుగుతున్నది దాదాపు ఇదే. కంట్రోలరు స్థానంలో ఉన్నది క్లోమం. దాని సంకేతం ఇన్సులిన్. బిగుసుకుపోయిన వాల్వు కండరం, కాలేయం. అవి ఇన్సులిన్ మాట సరిగా వినవు. దీనినే ఇన్సులిన్ నిరోధకత అంటారు. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వెలువరిస్తుంది. అండాశయం మాత్రం ఆ సంకేతాన్ని చక్కగా వింటుంది, విని పురుష హార్మోనులను అధికంగా తయారు చేస్తుంది. స్త్రీ దేహంలో ఆ హార్మోనులు కొద్ది మోతాదులో ఉండడం సహజమే. హెచ్చు కావడమే చిక్కు. దీనికి తోడు, ఆ హార్మోనును పట్టి ఉంచే ఒక మాంసకృత్తును కాలేయం తయారు చేస్తుంది. ఇన్సులిన్ పెరిగినప్పుడు దాని ఉత్పత్తి తగ్గుతుంది. అందువలన స్వేచ్ఛగా తిరిగే పురుష హార్మోను ఇంకా పెరుగుతుంది. గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, తలపై జుట్టు పలచబడడం, అండం విడుదల కాకపోవడం దీని ఫలితాలే.

మరి బరువు? ఇన్సులిన్‌కు మరొక పని కూడా ఉన్నది. అది కొవ్వును నిలువ చేయిస్తుంది, నిలువ ఉన్న కొవ్వు కరగకుండా అడ్డుపడుతుంది. పెరిగే కొవ్వు ఎక్కువగా నడుము చుట్టూ, పొట్ట లోపల చేరుతుంది. ఆ కొవ్వు ఇన్సులిన్ నిరోధకతను ఇంకా పెంచుతుంది. వాల్వు మరికాస్త బిగుస్తుంది. సంకేతం మరికాస్త హెచ్చుతుంది. ఇది తనను తాను పోషించుకునే వలయం. "బరువు పెరిగినందువలన వ్యాధి వచ్చిందా, వ్యాధి వలన బరువు పెరిగిందా" అని భార్యాభర్తలు వాదులాడుకున్న ఇళ్ళు నాకు తెలుసు. వలయానికి మొదలు, చివర వెదకడం వ్యర్థం. రెండు వైపుల నుంచీ నిజమే. సన్నగా ఉన్న స్త్రీలకు కూడా పీసీఓఎస్ రావచ్చునన్న సంగతిని మాత్రం ఆ వాదనలో చేర్చుకోవాలి.

వంశపారంపర్యం పాత్ర కూడా పెద్దదే. నెదర్లాండ్స్‌లో కవల సోదరీమణులపై జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఈ వ్యాధి వచ్చే అవకాశంలోని వ్యత్యాసానికి సుమారు 70 శాతం వరకు జన్యువులే కారణమని తేలింది. తండ్రికి చక్కెర వ్యాధి, మేనత్తకు చక్కెర వ్యాధి ఉన్న ఇంట్లో ఆడపిల్లను పట్టుకుని "కూర్చుని తింటే లావెక్కక ఏమవుతావు" అనడం ఎంతవరకు న్యాయమో ఆ తండ్రే ఆలోచించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయసులోని స్త్రీలలో నూటికి 8 నుంచి 13 మందికి ఈ వ్యాధి ఉన్నది. వారిలో 70 శాతం దాకా తమకు ఉన్నట్లే తెలియదు. మన కాలనీలో వంద ఇళ్ళ వరుస తీసుకుంటే ఎన్ని ఇళ్ళకు సంబంధించిన విషయమో లెక్క వేసుకోండి.

ఇక నిర్ధారణ. 2003లో రాటర్‌డామ్ నగరంలో సమావేశమైన నిపుణులు మూడు లక్షణాలను నిర్ణయించారు. నెలసరి క్రమం తప్పడం ఒకటి. పురుష హార్మోను హెచ్చినట్లు దేహం మీద గాని రక్తపరీక్షలో గాని కనిపించడం రెండవది. స్కానింగులో అండాశయాలు ఆ విధంగా కనిపించడం మూడవది. ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఇతర కారణాలు లేవని తేల్చుకున్న పిమ్మట, పీసీఓఎస్‌గా పరిగణిస్తారు. దీని అర్థం, కేవలం స్కానింగు రిపోర్టును పట్టుకుని వ్యాధిని నిర్ధారించడం కుదరదు. మొదటి రెండూ ఉన్నవారికి స్కానింగు అవసరమే లేదు.

ఆడపిల్లల తల్లులు ప్రత్యేకంగా గమనించవలసినది ఇక్కడ ఒకటున్నది. పెద్దమనిషి అయిన మొదటి ఏడాది నెలసరి క్రమం తప్పడం సహజం. తరువాతి రెండేళ్ళలో 21 రోజుల కన్న తక్కువ, 45 రోజుల కన్న ఎక్కువ ఎడం ఉంటే ఆలోచించాలి. మూడేళ్ళు నిండిన తరువాత 35 రోజులు దాటుతూ ఉన్నా, ఏడాదికి ఎనిమిది సార్ల కన్న తక్కువ వస్తున్నా వైద్యునికి చూపించాలి. రజస్వల అయిన ఎనిమిదేళ్ళ లోపు స్కానింగును ప్రమాణంగా తీసుకోరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యవంతుల అండాశయాలు కూడా అలాగే కనిపిస్తాయి. పద్నాలుగేళ్ళ పిల్లకు కడుపునొప్పి అని స్కానింగు తీయించి, "పీసీఓడీ" అన్న అక్షరాలు చూచి, పెళ్ళి సంబంధాల దాకా బెంగపడిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఆ పిల్లకు నెలసరి సక్రమంగానే వస్తున్నది!

"ఇతర కారణాలు లేవని తేల్చుకున్న పిమ్మట" అన్న మాట చిన్నదిగా కనిపించినా, కారణం తెలియని బరువు విషయంలో అసలు తూకం దానిదే. థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. అయితే థైరాయిడ్ మందగించడం వలన పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ చాలా భాగం ఉప్పు, నీరు. పదిహేను కిలోలు పెరిగిన అమ్మాయికి థైరాయిడ్ స్వల్పంగా తేడాగా ఉన్నదని తేలితే, మాత్ర వేసుకుంటూనే మిగిలిన కారణం కొరకు వెదకాలి. ప్రొలాక్టిన్ పరీక్ష, అడ్రినల్ గ్రంథికి సంబంధించిన 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్ష కూడా వైద్యులు చేయిస్తారు. అరుదైనదే గాని మరువరానిది కుషింగ్ వ్యాధి: ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పైన ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోవడం దాని గుర్తులు. గొంతు బొంగురుపోవడం, వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరగడం జరిగితే ఒక్క వారం కూడా ఆగకూడదు. అది హార్మోనును వెలువరించే కంతి కావచ్చు.

కుషింగ్ లక్షణాలు గ్రంథి లోపం లేకుండా, మందుల వలన రావడం మన దేశంలో తక్కువేమీ కాదు. ఉబ్బసానికో, కీళ్ళ నొప్పులకో పేరు లేని పొట్లాల్లో ఇచ్చే చూర్ణాలలో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూడు నెలలకొకసారి తీసుకునే గర్భనిరోధక ఇంజెక్షను కూడా కొందరిలో బరువు పెంచుతాయి. వాల్‌ప్రోయేట్ నెలసరినీ తారుమారు చేయగలదు. అంతమాత్రాన వాటిని సొంతంగా మానివేయడం ప్రమాదకరం, ముఖ్యంగా మూర్ఛ మందును. వైద్యుని దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న ప్రతి మాత్ర, ప్రతి చూర్ణం, ముఖానికి రాసుకునే లేపనం కూడా ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. జ్ఞాపకం మీద చెప్పే జాబితాలో ఒకటి రెండు తప్పక జారిపోతాయి.

మొదట పేర్కొన్న సోదరి కుమార్తె విషయం వారి అనుమతితో చెబుతున్నాను. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయి రెండేళ్ళలో పద్నాలుగు కిలోలు పెరిగింది. హాస్టలులో ఉదయం ఫలహారం మానివేసింది, రాత్రి భోజనం సగం చేసింది. బంధువుల పెళ్ళిళ్ళకు రావడం మానుకుంది. మెడ వెనుక చర్మం నల్లబడి మందంగా తయారైతే, మురికి అనుకుని తల్లి సెలవులకు వచ్చినప్పుడల్లా శనగపిండి, నిమ్మచెక్క పెట్టి రుద్దేది. పిల్ల ఏడ్చేది. ఆ నలుపు మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ హెచ్చుగా ఉన్నదనడానికి చర్మం చూపే గుర్తు అది. మెడ వెనుక, చంకలలో మఖమల్ గుడ్డవలె కనిపిస్తుంది. ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ తగ్గితే నెమ్మదిగా అదే పలచబడుతుంది.

ఆమెకు పరగడుపు చక్కెర 92 ఉన్నది. "షుగరు లేదు" అని ఒక చోట పంపించివేశారు. ఇందాకటి ప్యానెలు ముందు కూర్చున్న ఆపరేటరును జ్ఞాపకం చేసుకోండి. ప్రవాహం సరిగానే ఉన్నది. కంట్రోలరు ఎంత శ్రమపడుతున్నదో తెలియలేదు. మనం ఏ యంత్రాన్నైనా ఖాళీగా తిప్పి చూచి బాగున్నదని సర్టిఫికేటు ఇస్తామా? లోడు వేసి చూస్తాం. దేహానికి ఆ లోడు పరీక్ష 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి రెండు గంటల తరువాత చక్కెర చూడడం. 140 లోపు ఉంటే మామూలు. 200, ఆ పైన ఉంటే మధుమేహం. మధ్యలో ఉంటే మధుమేహానికి ముందు మెట్టు. ఆ అమ్మాయికి 168 వచ్చింది. పీసీఓఎస్ ఉన్నవారికి చక్కెర స్థితి తెలుసుకోవడానికి ఈ పరీక్షే అన్నింటికన్న ఖచ్చితమైనదని 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకం చెబుతున్నది. ఇన్సులిన్‌నే నేరుగా కొలిస్తే పోదా అని మీలో కొందరు ఇంజనీర్లు అడుగుతారు. ఆ కొలత ఒక ప్రయోగశాలకూ మరొకదానికీ పొంతన లేకుండా వస్తున్నందున దినసరి వైద్యంలో దానిని సిఫారసు చేయడం లేదు.

తూకం యంత్రం కూడా మనవారి విషయంలో పూర్తి నిజం చెప్పదు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రం అచ్చయింది. ఒకరు లండన్‌కు చెందిన యుడ్కిన్, మరొకరు పూనాకు చెందిన యాజ్ఞిక్. ఎత్తుకు తగిన బరువును తెలిపే బీఎంఐ సూచిక ఇద్దరికీ ఒక్కటే, 22.3. దేహంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! అందువల్లనే భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. స్త్రీలకు నడుము కొలత 80 సెం.మీ. దాటరాదంటారు. కుట్టుపనికి వాడే టేపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

చికిత్స గురించి క్లుప్తంగా. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది; 70 కిలోల వారికి అది మూడున్నర కిలోలు. పదిహేను తగ్గాలని చెప్పి నిరుత్సాహపరచడం కన్న ఈ లెక్క చెప్పడం మంచిది. ఏ ఒక్క ఆహార పద్ధతి మిగిలినవాటికన్న గొప్పదని రుజువు కాలేదు. అన్నం పూర్తిగా మానివేసి, నెలకు మించి ఆ నియమాన్ని నిలుపుకోలేక, తమను తామే నిందించుకునేవారికి ఈ సంగతి తెలియాలి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచడం మన వంటింట్లో సాధ్యమైన పని. వారానికి 150 నిమిషాలు తగ్గని నడకతో పాటు, రెండు రోజులు కండరాలకు బరువు పనిపెట్టే వ్యాయామం చేయాలి. చక్కెరలో అత్యధిక భాగాన్ని లోపలికి తీసుకునేది కండరమే గనుక, బిగుసుకుపోయిన వాల్వును సడలించే పని అక్కడే మొదలవుతుంది. తూకంలో తేడా కనిపించకపోయినా వ్యాయామం వలన లోపల మేలు జరుగుతూనే ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ మాత్ర ఇదే వాల్వు మీద పనిచేస్తుంది. నెలసరి క్రమబద్ధం కావడానికి వైద్యులు గర్భనిరోధక మాత్రలు వ్రాస్తే "పెళ్ళికాని పిల్లకు ఇవేమిటి" అని చీటీ మడిచి దాచేసేవారున్నారు. మూడు నెలలకు మించి నెలసరి రాకుండా ఏళ్ళు గడిస్తే గర్భాశయపు లోపొర మందమై, కాలక్రమంలో క్యాన్సరు ప్రమాదం పెరుగుతుంది. ఆ పొరను కాపాడడం ఆ మాత్రల పనులలో ఒకటి. సంతానం విషయంలో భయపెట్టే మాటలు విన్నవారికి మరొక వివరం: అండం విడుదలకు వాడే లెట్రోజోల్ పాతకాలపు క్లోమిఫీన్ కన్న మెరుగని 2014లో 750 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష తేల్చింది. మన దేశంలో 2011లో ఈ వాడకాన్ని నిషేధించి, 2017లో తిరిగి అనుమతించారు. ఇక 2025 నుంచి మన విపణిలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లను గురించి చాలామంది అడుగుతున్నారు. వాటిని నిపుణుని పర్యవేక్షణలోనే తీసుకోవాలి. గర్భం ధరించదలచినవారు ముందుగానే ఆపివేయాలి.

పీసీఓఎస్ ఉన్నవారిలో దిగులు, ఆందోళన ఎక్కువ. వాటిని గురించి కూడా వైద్యులు తప్పక అడగాలని మార్గదర్శకం చెబుతున్నది. వారు అడగకపోతే మీరే చెప్పండి. ఆసుపత్రిలో నలుగురి ఎదుట బరువు గట్టిగా చదివి వినిపిస్తే ఇబ్బందిగా ఉన్నదని చెప్పే హక్కు మీ అమ్మాయికి ఉన్నది.

ఆ సోదరి కుమార్తె ఇప్పుడు ఎనిమిది నెలలుగా చికిత్సలో ఉన్నది. నాలుగు కిలోలు తగ్గింది. గత మూడు పర్యాయాలు నెలసరి నలభై రోజుల లోపు వచ్చింది. ఫలహారం మానడం లేదు. గ్లూకోజు పరీక్ష మళ్ళీ చేయించుకోవలసి ఉన్నది. ఆ పరీక్షకు వెళ్ళేవారు ముందు మూడు రోజులు మామూలు భోజనమే చేయాలి, రాత్రి ఎనిమిది గంటల తరువాత ఏమీ తినకూడదు, గ్లూకోజు త్రాగిన తరువాత రెండు గంటలూ అక్కడే కదలకుండా కూర్చోవాలి. చదువుకోవడానికి ఒక పుస్తకం వెంట తీసుకువెళ్ళండి.